లారా గురించి కొట్టుకుంటున్న మా షాపు కుర్రాళ్ళకు బహిరంగ లేఖ

విజయనగరం

పాత లారా పార్టీ తమ్ముళ్ళకూ, కొత్త లారా పార్టీ మేనల్లుళ్ళకూ,

మొన్న ఆదివారం రాత్రి షట్టరు సగం దించి మీరు వేసిన కేకలకు పక్క మందుల షాపాయన వచ్చి, "ఏటమ్మా, ఆస్తి తగువా?" అని అడిగారు. ఏం చెప్పను? బీపీ మాత్రలు వేసుకునే వయసొచ్చినవాళ్ళు, డిగ్రీ పరీక్షలున్నవాళ్ళు కలిసి టూంబ్ రైడర్ ఆటలోని లారా క్రాఫ్ట్ అనే ఒక కంప్యూటర్ బొమ్మ గురించి, కొత్త ఆటల్లో పాత ఆత్మ పోయిందా లేదా అని కొట్టుకుంటున్నారని చెప్పలేక, క్రికెట్టండీ అని సర్దేశాను. మీరు వెళ్ళాక ఒలికిన టీ తుడిచి, కుర్చీలు సర్ది, ఇంటికెళ్ళి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. రెండు పార్టీల్లో ఒక్కరు కూడా అసలు సంగతి అనలేదనిపించింది. అక్కడే చెప్పబోతే "అక్కా, నువ్వాగు" అని ఒకడు, "అత్తా, నీకు తెలీదు" అని ఇంకొకడు. అందుకే రాస్తున్నాను. కాగితం మీద నన్ను ఆపేవాడు లేడు.

నాకు తెలీదన్నారు కాబట్టి ముందు నా అర్హత చెప్పుకోవాలి. 2001లో మా నాన్న మూడు లాంతర్ల దగ్గర సందులో నాలుగు సిస్టమ్‌లతో నెట్ సెంటర్ పెట్టారు. గంటకు 25 రూపాయలు. కౌంటరు మీద పొడుగాటి రూళ్ళ పుస్తకంలో ఎవరు ఎన్నింటికి కూర్చున్నారు, ఎన్నింటికి లేచారు అని రాసేది నేను. మీ మెయిళ్ళు, చాటింగులు నాకనవసరం. కానీ సాయంత్రం నాలుగో సిస్టమ్ చుట్టూ అయిదారుగురు మూగేసి, ఒకడు ఆడుతుంటే మిగతావాళ్ళు "ఎడమకెల్రా, ఎడమకి" అని అరుస్తుంటే, కౌంటరు వదిలి వచ్చి మీ భుజాల మీదుగా చూసేదాన్ని. ఆల్ట్ మీట, కంట్రోల్ మీట అరిగిపోయి మూడు కీబోర్డులు మార్చాం. దూకడానికి ఒకటి, పట్టుకోవడానికి ఒకటి. ఆ కీబోర్డుల డబ్బులు మీ దగ్గర ఎవరూ వసూలు చేయలేదని గుర్తుంచుకోండి.

ఇప్పుడది నెట్ సెంటర్ కాదు. జెరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, పాన్ కార్డులు. నాలుగో సిస్టమ్ ఉన్న మూలలో మా మేనల్లుడి లాప్‌టాప్ ఉంటుంది. ఆ మూల నుంచే గొడవ మొదలైంది.

వాడు 2013 నాటి టూంబ్ రైడర్ ఆడుతుంటే పాత పార్టీవాళ్ళు వెనక నిలబడ్డారు. రెండు నిమిషాలకే ఒకాయన (పేరు రాయను, ఎవరో ఆయనకు తెలుసు) "ఇదేటి ఆటా? గోడకి తెల్లసున్నం కొట్టి ఎక్కమంటే ఎక్కడమేటి? లారా చచ్చిపోయింది, ఇది వేరే పిల్ల" అన్నాడు. మేనల్లుడు హెడ్‌ఫోన్ తీసి, "మీ లారా మనిషెప్పుడైంది అంకుల్? డబ్బాలతో చేసిన బొమ్మ కదా" అన్నాడు. అంకుల్ అన్న మాటే ఎక్కువ మండించిందని నా అనుమానం.

ఈ గోల తెలియనివాళ్ళు ఈ ఉత్తరం చదివితే అయోమయంగా ఉంటుంది, వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1996లో ఇంగ్లండులోని డెర్బీ పట్నంలో కోర్ డిజైన్ అనే కంపెనీ చేసిన ఆట టూంబ్ రైడర్. లారా క్రాఫ్ట్ అనే అమ్మాయి పాత సమాధుల్లో, గుళ్ళలో దిగి తాళాలు విప్పుకుంటూ పోతుంది. ఏడాదికొకటి చొప్పున 2000 దాకా అయిదు వచ్చాయి. 2003లో ఆరోది దెబ్బతినడంతో పని అమెరికాలోని క్రిస్టల్ డైనమిక్స్ చేతికి పోయింది. వాళ్ళు 2006 నుంచి మూడు ఆటలు చేసి, మళ్ళీ 2013లో పలక తుడిచి మొదలుపెట్టారు. ఇరవయ్యొక్కేళ్ళ లారా, ఓడ పగిలి యమతాయ్ అనే దీవిలో పడటం, అక్కడ చావకుండా బతకడం. ఆ వరసలోనే 2015లో ఒకటి, 2018లో ఒకటి. ఆ మూడూ కొత్త లారా. అంతకు ముందువన్నీ మా అంకుల్స్ లెక్కలో పాత లారా. వాళ్ళ లెక్కే తప్పు, కానీ ఆ సంగతి కాసేపాగి.

పాత పార్టీ తమ్ముళ్ళూ, మీతోనే మొదలుపెడతాను. మీరు నాకెక్కువ తెలుసు.

మీరు ఆదివారం చదివిన ఫిర్యాదుల పట్టీలో మొదటి మూడూ వినలేక సిగ్గేసింది. నిక్కరు పోయి ప్యాంటు వచ్చింది. రెండు పిస్తోళ్ళు పోయి విల్లు వచ్చింది. ధైర్యం పోయి ఏడుపొచ్చింది. ఒరే నాయనా, ఆ రోజుల్లో నాలుగో సిస్టమ్ తెర మీద వాల్‌పేపర్‌గా మీరేం బొమ్మ పెట్టేవారో, నాన్న వచ్చే అడుగుల చప్పుడు వినగానే ఎంత బేగి మార్చేసేవారో నాకు తెలీదనుకున్నారా? అది ఆట ఆత్మ కాదు. ఆట అమ్మినవాళ్ళు అంటించిన అట్ట. లారాను పుట్టించిన టోబీ గార్డ్ అనే ఆయనకే ఆ అట్ట నచ్చక, మొదటి ఆట తర్వాత 1997లో కంపెనీ వదిలి పోయాడు. కొన్నేళ్ళకు తిరిగొచ్చి పనిచేసింది ఎవరితో? మీరు తిడుతున్న క్రిస్టల్ డైనమిక్స్‌తోనే, 2006 ఆటకి. అసలైనవాళ్ళు, నకిలీవాళ్ళు అని మీరు గీసిన గీత ఆయన కాళ్ళ కిందే చెరిగిపోయింది.

ఇంకొకటి. నిశ్శబ్దం గురించి మీరు చాలా బాగా చెప్పారు. ఆ పెద్ద పెద్ద గుహల్లో లారా అడుగుల చప్పుడు, నీళ్ళు కారే చప్పుడు తప్ప ఏమీ వినబడకపోవడం, ఎక్కడో రాయి జరిగిన శబ్దానికి గుండె జారడం. నిజమే, నాకూ ఒళ్ళు జలదరించేది. కానీ మొన్న రాత్రి చెప్పనివ్వని మాట ఇప్పుడు చెప్తాను, కూర్చుని వినండి. ఆ నిశ్శబ్దంలో సగం మన సిడి పుణ్యం.

మొదటి రెండు ఆటల్లో సంగీతం మామూలు పాటల సిడిలో ఉన్నట్టు విడి ట్రాకులుగా ఉండేది. మన దగ్గరున్నది ఎవరో ఎక్కడో కాపీ కొట్టి తెచ్చిన సిడి. అందులో ఆట ఎక్కింది, పాటలు ఎక్కలేదు. నాకు ఆ సంగతి 2024లో తెలిసింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో మొదటి మూడు ఆటలూ కలిపి రీమాస్టర్ చేసి, అంటే పాత ఆటకే బొమ్మలు కొత్తగా తీర్చి, విడుదల చేశారు కదా, మేనల్లుడు కొన్నాడు. రెండో ఆటలో వెనిస్ లెవెల్ పెట్టాడు. లారా కాలువ గట్టు మీద పరిగెత్తుతోంది, ఉన్నట్టుండి వయొలిన్లు! ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన సంగీత కళాశాల ఉన్న ఊళ్ళో పుట్టి, ఆ వెనిస్‌లో మీరు నెల్లాళ్ళు తిరుగుతుంటే చూసి, అక్కడ వయొలిన్ మోగుతుందని ఇరవై ఏళ్ళ తర్వాత తెలుసుకున్నాను. నవ్వొచ్చింది, కొంచెం ఏడుపూ వచ్చింది. మీరు అంత ఇదిగా తలుచుకుంటున్న మౌనం డెర్బీలో తయారైంది కొంత, కాపీ సిడి దగ్గర తయారైంది కొంత.

మిగిలిన ఆ కొంతైనా పోయింది 2013లో కాదు. 2006 ఆటలోనే లారా చెవిలో హెడ్‌సెట్ పెట్టి ఇద్దరు స్నేహితులు దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంటారు. అది మీలో చాలామందికి ఇష్టమైన ఆట. అప్పుడెవరూ ఆత్మ పోయిందనలేదు. ఎందుకంటే పిస్తోళ్ళున్నాయి, నిక్కరుంది.

అయితే పాత ఆటలో ఏమీ లేదా అంటే, ఉంది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

రెండో ఆటలో మునిగిపోయిన ఓడ లెవెల్ గుర్తుందా? మొదలయ్యేసరికే లారా సముద్రం అడుగున ఉంటుంది. చుట్టూ చీకటి, సొరచేపలు. ఊపిరి చూపించే గీత తరిగిపోతుంటుంది. ఎటు ఈదాలో ఎవరూ చెప్పరు. బాణం గుర్తు లేదు, మ్యాపు లేదు, చెవిలో స్నేహితుడు లేడు. మీరు నాలుగు రోజులు మునిగారు. పైకి ఈదితే చచ్చింది. కుడికి ఈదితే చచ్చింది. రూళ్ళ పుస్తకంలో ఆ నాలుగు రోజుల లెక్క ఇప్పటికీ ఉంది. దారి తెలియక తిరగడానికి మీరు డబ్బు కట్టారు, అదీ టిఫిన్ డబ్బులు.

అప్పుడు కోనాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇంటర్ చదివే కుర్రాడొకడు ఉండేవాడు. ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు, డబ్బుల్లేక ఆడేవాడూ కాదు, మీ వెనక నిలబడి చూసేవాడు. నాలుగో రోజు మూసేసే వేళకు నెమ్మదిగా అన్నాడు: "కింద చూడండన్నా. డబ్బాలు, చెక్కలు పడున్నాయి కాదేటి. పడవ ములిగినప్పుడు సామానంతా దారమ్మటా రాలతాది. ఆ సామాను ఎంట ఎల్తే పడవ దొరుకుతాది."

వెళ్ళారు. దొరికింది. మీరు వేసిన కేకకి నాన్న వీధిలోంచి పరిగెత్తుకొచ్చారు, షార్ట్ సర్క్యూట్ అయిందనుకుని.

ఆ డబ్బాలు, చెక్కలు మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాయి. ఆట చేసినవాళ్ళు దారి చెప్పే ఉంచారు. కానీ మనల్ని చూడమన్నారు, ఆలోచించమన్నారు, కనబడకపోతే కనబడేదాకా ఊరుకున్నారు. సముద్రం తెలిసిన పిల్లవాడికి తన సముద్రం అక్కడ పనికొచ్చింది. నా మటుకు నాకు ఆ ఆట ఆత్మ అదే. నిక్కరూ కాదు, మౌనమూ కాదు, లారా కూడా కాదు. ఇంకో విషయం, ఆ రోజుల్లో ఆట సిస్టమ్ ఆపేసినా ఆగేది కాదు. పొద్దున్నే నేను షట్టరు ఎత్తకముందే ఒకడు మెట్ల మీద కూర్చుని ఉండేవాడు, "రాత్రంతా ఆలోచించానక్కా, ఆ మీట నొక్కి వెనక్కి రావాలి" అంటూ. తప్పయ్యేది చాలాసార్లు. అయినా ఆట వాడితో పాటు ఇంటికెళ్ళి, అన్నం తిని, పడుకుని లేచి వచ్చింది కదా.

దూకడం సంగతి కూడా అంతే. పాత ఆటలో నేలంతా గళ్ళు. అంచు దాకా నడిచి, ఒక్క గెంతు వెనక్కి వేసి, అక్కడి నుంచి పరిగెత్తి దూకితే సరిగ్గా అంచు మీద కాలు లేస్తుంది. ఎంత దూరం పడుతుందో గళ్ళు లెక్కపెట్టి ముందే చెప్పొచ్చు. తొక్కుడుబిళ్ళ ఆడిన నాకు అది వెంటనే ఎక్కింది, మీకే ఆలస్యంగా ఎక్కింది. పడిపోతే తప్పు లారాది కాదు, నీది. అందుకే పడిపోయినప్పుడు మీరు లారాను తిట్టకుండా ఆడేవాణ్ణి తిట్టేవారు.

ఇక మేనల్లుళ్ళూ, ఇటు రండి.

ముందు మీకు ఒక మార్కు వేస్తాను. కొత్త లారా మనిషి అన్న మాట నిజం. 2013 ఆటలో మంచుకొండ మీద రేడియో టవర్ ఎక్కే ఘట్టం ఉంది చూశారూ, అది మా నాలుగో సిస్టమ్ మీద ఎప్పుడూ చూడలేదు నేను. నిచ్చెన మెట్టు ఊడుతుంటే, గాలికి ఇనుము ఊగుతుంటే, ఆ పిల్ల భయపడుతూనే ఎక్కుతుంది. భయం లేని పాత లారాను చూసి నేను అబ్బురపడ్డాను గానీ ఏనాడూ నాలాంటి మనిషి అనుకోలేదు. రాత్రి తొమ్మిదింటికి ఒంటరిగా షట్టరు వేసుకుని, కుక్కలున్న సందులోంచి నడిచి ఇంటికెళ్ళిన పిల్లను నేను. భయంతో ముందుకెళ్ళడం ఎలాంటిదో నాకు తెలుసు. ఏడిస్తే ఆత్మ పోతుందన్న తమ్ముళ్ళకు అది తెలీదు, వాళ్ళను ఇంటిదగ్గర స్కూటర్ మీద దింపేవారు.

అయితే ఆ మనిషితోనే ఇబ్బంది కూడా. మొదటిసారి ఒకణ్ణి చంపాల్సి వచ్చినప్పుడు వణికి కూలబడుతుంది. బాగుంది. తర్వాత అరగంటలో వరసగా ఎంతమందిని పడగొడుతుందో నేను లెక్కపెట్టడం మానేశాను. ఏడుపు కథలో ఉంది, ఆటలో లేదు. పాత ఆటలో గదులు గదులు తిరిగినా మనిషి ఎదురయ్యేవాడు కాదు చాలాసేపు. తోడేలో, గబ్బిలమో, పెరూ లోయలోనైతే ఏకంగా డైనోసారో.

సమాధుల సంగతి చెప్పండి. ఆట పేరులోనే సమాధి ఉంది. 2013 ఆటలో అవి ఏడు, అన్నీ నీ ఇష్టమైతే వెళ్ళు, లేకపోతే మానేయ్ అన్న లెక్క. లోపలికెళ్తే ఒక గది, ఒక చిక్కు, ఒక పెట్టె. పెళ్ళికి పిలిచి, భోజనం కావాలంటే పక్క సందులో ఉంది చూసుకోండి అన్నట్టు. ఆ చిక్కు కూడా నీకు వదలరు. ఒక మీట నొక్కితే లోకమంతా బూడిదరంగులోకి పోయి, ముట్టుకోవాల్సిన వస్తువులు మాత్రం వెలుగుతాయి. వెళ్ళాల్సిన చోట దీపస్తంభంలా కాంతి లేస్తుంది. మన కోనాడ కుర్రాడు ఇప్పుడు వెనక నిలబడి చూస్తుంటే ఏం చెప్తాడు? చెప్పడానికి ఏమీ మిగల్చలేదు. వాడి సముద్రం వాడి దగ్గరే ఉండిపోతుంది.

"నొక్కడం మానేయొచ్చు కదత్తా" అన్నాడు మావాడు. మానేయొచ్చు. కానీ ఆ మీట ఉందని తెలిసి కట్టిన గది వేరు, లేదని తెలిసి కట్టిన గది వేరు. మీట లేనప్పుడు గది కట్టినవాడు చెక్కలు, డబ్బాలు పరచాలి. ఉన్నప్పుడు ఆ శ్రమ ఎవడు పడతాడు?

ఆదివారం గొడవలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది, మేనల్లుడే అన్నాడు. "ఏటా కొత్త చింతమాను తెస్తారు కదా. పైడితల్లి సిరిమాను కాదంటామా?" అందరూ ఒక్క క్షణం నోరు మూసుకున్నారు. మూడు లాంతర్ల దగ్గర కూర్చుని ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి జాతరలో, చివర పూజారిని కూర్చోబెట్టుకుని మా షాపు ముందు నుంచే కదా మాను కదిలేది. అప్పుడు పాత పార్టీలోంచి జవాబొచ్చింది. "మాను మారుతాదిరా. తిరిగే దారి మారదు. చదురుగుడి కాడినించి కోట దాకా, మూడుసార్లు."

గొడవంతటికీ ఈ రెండు మాటలు చాలు అనిపించింది. మిగతా గంటన్నర మీరు ఊరికే అరిచారు.

నేను మేనల్లుడి వైపే ఉంటాను, సగం దాకా. ముందుది ముట్టుకోకూడదు అనే మాట ఇంకే ఊళ్ళోనైనా చెల్లుతుందేమో గానీ మన ఊళ్ళో చెల్లదు. గురజాడ వారి కన్యాశుల్కం 1892లో ఇక్కడే ఆడారు, 1897లో అచ్చయింది. తర్వాత ఆయన మళ్ళీ కూర్చుని తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ మనం నోరారా చెప్పుకునేది ఆ రెండోదే. మొదటిది చదివినవాళ్ళు మన షాపుకొచ్చేవాళ్ళలో ఒక్కరైనా ఉన్నారా? తిరగరాసినప్పుడు మధురవాణి పెరిగింది. ఆ మనిషి ఆలోచనల లోతు పెరిగింది. కానీ చూసేవాడు కష్టపడతాడేమోనని ఆయన ఎవరి బుర్రకీ పని తగ్గించలేదు. ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నారో చివరిదాకా మనమే కనిపెట్టుకుంటూ పోవాలి. లారాను తిరగరాసినవాళ్ళు మనిషిని పెంచారు, దానికి నమస్కారం. చూసేవాణ్ణి తగ్గించారు. నా ఫిర్యాదు అంతవరకే.

అది వాళ్ళకూ తెలిసినట్టే ఉంది. 2018 ఆటలో పోరాటం ఎంత కష్టంగా ఉండాలి, దారి వెతకడం ఎంత కష్టంగా ఉండాలి, చిక్కులు ఎంత కష్టంగా ఉండాలి అని మూడు విడివిడిగా పెట్టుకోవచ్చు. దారి వెతకడం గట్టిగా పెట్టుకుంటే, ఎక్కాల్సిన చోటు చూపించడానికి గోడ మీద పూసిన తెల్లరంగు పోతుంది. సున్నం కొట్టారని గోల చేసిన తమ్ముడూ, నువ్వు ఆ ఆట తెరిచి సెట్టింగుల్లోకైనా వెళ్ళలేదు, అవునా?

తప్పంతా వాళ్ళ మీదే తోసేయడం కూడా న్యాయం కాదు. రీమాస్టర్‌లో ఒక మీట నొక్కితే పాత బొమ్మలు, మళ్ళీ నొక్కితే కొత్త బొమ్మలు వస్తాయి. కొత్త బొమ్మల్లో కొన్ని గదులు మరీ చీకటి, కింద పడున్న తాళంచెవి కనబడదు. మేనల్లుడు టక్కున పాత బొమ్మకు మారి, తాళంచెవి చూసి, తిరిగి కొత్తకు వచ్చేస్తాడు. గొప్ప తెలివి అనుకుని మెచ్చుకున్నాను. ఆ తర్వాత ఇంకో చోట ఆగిపోయాడు. నేను లెక్కపెట్టాను, ఒకటిన్నర నిమిషం. ఫోను తీసి యూట్యూబ్‌లో చూసేశాడు. వాడే కాదు, పాత పార్టీలో బట్టతల ఆయన కూడా వెనక నుంచి "అక్కడ వీడియో చూడు బాబూ" అన్నాడు! నాలుగు రోజులు సముద్రంలో మునిగినవాళ్ళలో ఆయనా ఒకడు. పాత ఆటకే ఇప్పుడు ఆ గతి పట్టింది. చేసినవాళ్ళు దీపస్తంభం పెట్టకపోయినా మనం జేబులో పెట్టుకు తిరుగుతున్నాం.

మూడో ఆట సంగతి ఎత్తకుండా ఉంటే మా నాన్న క్షమించరు. అది మన దేశంలోనే మొదలవుతుంది. అడవి, పాడుపడ్డ గుడి, గంగ, ఆ తర్వాత కాళీయుడి పేరు పెట్టిన గుహలు. కాళీయుడు గంగలో ఏం చేస్తున్నాడు, ఆయన మడుగు యమునలో కదా అని నాన్న అడిగితే మీలో ఒక్కడూ జవాబు చెప్పలేదు. గుళ్ళో ఆరు చేతులతో కత్తులు పట్టిన రాతి విగ్రహాలు ప్రాణమొచ్చి మీదికొస్తాయి, లారా వాటిని కాల్చాలి. నాన్న అది చూసి మెయిన్ స్విచ్ ఆపేశారు. మీ సేవ్ పోయింది. "డబ్బులిచ్చీ దేవుణ్ణి కాలుస్తారేట్రా" అన్నారు. వారం దాకా ఆ సిడి బీరువాలో. ఆ గుళ్ళో కోతులు మందుపెట్టె ఎత్తుకుపోవడం మాత్రం చూసి ఆయనే నవ్వారు తర్వాత, రామతీర్థం కోతుల్లాగే ఉన్నాయని. పాత ఆటంతా బంగారమనుకునేవాళ్ళు ఆ విగ్రహాలనూ తలుచుకోండి.

ఎందుకెత్తానంటే, 2025 డిసెంబరులో క్రిస్టల్ డైనమిక్స్ వాళ్ళు రెండు కొత్త ఆటలు ప్రకటించారు. ఒకటి 1996 నాటి మొదటి ఆటనే మళ్ళీ కట్టేది. రెండోది ఉత్తర భారతంలో జరిగే కొత్త కథ. మీ రెండు పార్టీలూ అప్పుడే దీని మీదా పందేలు కాస్తున్నాయి, జుట్టు జడ వేశారా లేదా, పిస్తోళ్ళు రెండా ఒకటా అని. నేనైతే వాళ్ళు మన దేశపు గుడిలో దారి ఎలా దాస్తారా అని చూస్తాను. గుడి తెలిసినవాడికి గుడి పనికొస్తుందా? ప్రదక్షిణ ఎటు చేస్తారో, నంది ఎటు చూస్తుందో, అభిషేకం నీళ్ళు ఏ తూము గుండా బయటికి పోతాయో తెలిసిన మన పిల్లవాడు, కోనాడ కుర్రాడిలా, "అన్నా, నీళ్ళెటు పోతున్నాయో చూడండి" అనగలిగేలా ఉంటుందా? లేక ఒక మీట నొక్కితే నంది వెలుగుతుందా?

కిందటి కార్తీకంలో మేనల్లుణ్ణి రామతీర్థం తీసుకెళ్ళాను. గుడి చూశాక గురుభక్తుల కొండెక్కాం. వాడు ముందు, నేను ఆయాసపడుతూ వెనక. ఒక మలుపు తిరిగేసరికి బౌద్ధుల కాలం నాటి ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. వాడు ఏమీ మాట్లాడలేదు. ఇటుకల మీద చెయ్యేసి, ఇక్కడ గోడ ఉండేది, ఇటు నుంచి లోపలికి వచ్చేవారు, నీళ్ళు ఇక్కణ్ణుంచి పట్టుకునేవారేమో అని తనకు తానే చెప్పుకుంటూ పావుగంట తిరిగాడు. ఫోను తియ్యలేదు, ఫొటోకి తప్ప. దిగేటప్పుడు "అత్తా, పాత ఆట ఇలాగే ఉంటాదా?" అని అడిగాడు. అవునని చెప్పలేదు. ఎదురుగా ఇంత పెద్ద కొండ పెట్టుకుని ఆటను పొగడడమెందుకులే అనిపించింది.

కాబట్టి వచ్చే ఆదివారం ఏడింటికి షట్టరు సగం దించే ఉంచుతాను. రీమాస్టర్ రెండో ఆట, మునిగిన ఓడ లెవెల్ దగ్గర సేవ్ చేసి పెట్టాను. మేనల్లుళ్ళలో ఎవరూ అక్కడిదాకా రాలేదు, కనుక్కున్నాను. మీరు ఆడతారు. పాత పార్టీ వెనక నిలబడాలి, నోరు మెదపకూడదు. "ఎడమకెల్రా" అన్నవాడు బయటికి. అందరి ఫోన్లూ జెరాక్స్ మెషీన్ మీద బుట్టలో పడాలి, నాది కూడా. ఎంతసేపైనా సరే, గంట లెక్క కట్టను. ఆ తర్వాత తమ్ముళ్ళు 2018 ఆటలో తెల్లరంగు తీసేసి ఒక్క సమాధి విప్పాలి, అప్పుడు మేనల్లుళ్ళు నోరు మూసుకోవాలి. అది కష్టమే, నాకు తెలుసు.

డబ్బాలు, చెక్కలు గురించి ఈ ఉత్తరంలో రాసేశావు కదా, ఇంకేం మిగిలిందక్కా అంటారేమో. రాయకుండా ఉండలేకపోయాను. దాన్ని చదివిన మేనల్లుళ్ళ కోసం అదే ఆటలో వేరే చోట ఇంకో సేవ్ ఉంది, దాని గురించి ఎక్కడా రాయలేదు.

టీలు మాత్రం మీవే. రూళ్ళ పుస్తకం వెతుకుతుంటే 2003 పేజీలో ఒకాయన పేరు కింద 75 రూపాయలు బాకీ కనబడింది, మూడు గంటలు, నాలుగో సిస్టమ్. ఆయన ఇప్పుడు బ్యాంకులో పని చేస్తున్నాడు. వడ్డీ వద్దులే, అసలు తెస్తే చాలు.

ఇట్లు,
నాలుగో సిస్టమ్ కౌంటరు అక్క